టీలో పాలు

“టీలో పాలు పొయ్యనా, తల్లీ?” అంది మోరాగ్.

“మీ ఇష్టం,” అంది షీనా.

“చక్కెర?”

“మీ ఇష్టమేనండీ.”

“పోనీ షార్ట్‌బ్రెడ్ బిస్కెట్?”

“ఏదైనా ఒకటే.”

మందులకు లొంగని దిగులు జబ్బుకు షీనా మెదడుకు ఆపరేషన్ చేయాలంటే, ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకుందని మానసిక రోగుల హక్కులు చూసే కమిషన్ మనుషులు ముగ్గురూ సంతకం పెట్టాలి. ఇద్దరు పెట్టేశారు. మూడోది, డాక్టరు కాని ఈ రిటైర్డ్ టీచరమ్మ మోరాగ్‌ది.

మోరాగ్ పెన్నుకు మూత పెట్టేసింది. “కప్పు టీ సంగతే నా మీద వదిలేశావు. మెదడు సంగతి నీ అంతట నువ్వే తేల్చుకున్నావంటే ఎలా నమ్మను? ఎవరైనా నూరిపోశారా?”

“మా ఆయన వద్దనే అంటున్నాడు.” షీనా కప్పులోకే చూస్తోంది. “పాలు పోసినా పొయ్యకపోయినా నా నోటికి తేడా తెలిసి పదకొండేళ్లయిందండీ. ఈ ఆపరేషన్ చేయించుకున్నా తెలియకపోవచ్చని డాక్టరు చెప్పాడు. అయినా సరే. ఇన్నేళ్లలో నేను కావాలని అడిగింది ఇదొక్కటే.”

మోరాగ్ మళ్లీ మూత తీసింది. కాగితాలన్నీ మరోసారి చదివి సంతకం పెట్టేసరికి టీ చల్లారిపోయింది.

ఆ చల్లటి టీనే షీనా ఊదుకుంటూ తాగింది.