మరమనిషి ఎంచిన మేస్త్రి

మా జీడిపప్పు బట్టీలో మేస్త్రిని ఇప్పుడు మరమనిషే ఎంచుతుంది. పనివాళ్లు ఎక్కువసార్లు ఎవరి వైపు చూస్తే వాళ్లే నాయకులని యూనివర్సిటీ వాళ్లు దానికి నేర్పారట. ఈరోజు అది ఇన్నాళ్లూ మేస్త్రిగా ఉన్న దాలమ్మత్తను తీసేసి నా పేరు పిలిచింది.

అందరూ నన్ను చూసిన మాట నిజమే. అత్త అటు తిరగగానే నేను ఆమెలాగే మూతి వంకర పెట్టి కుంటేదాన్ని. నోరు విప్పడానికే భయపడే నాకు నలుగురిని నవ్వించడం అలాగే చేతనయ్యేది.

"ఓలమ్మీ, మాటే రాని గుంటవనుకున్నాను. ఇంతమంది నీకేసి చూస్తన్నారంటే నీలో ఏదో ఉన్నాదే!" అంటూ అత్త తన మేస్త్రి ఈల తీసి నా మెడలో వేసింది. నేను ఆ ఈలను గుప్పిట్లో దాచుకున్నాను.

నా పీట మీద కూర్చోవడానికి ఆమె కుంటుకుంటూ వెళ్తుంటే, అలవాటుగా అందరూ నా వైపు చూశారు.