పేరు కింద ఉద్యోగం

"పేరుండనీ రంగనాయకులూ. కింద ఉద్యోగం మాత్రం చెక్కబాక," అన్నాడు హెబ్రోను.

యుద్ధానికి పోయి వచ్చిన వాళ్ల గౌరవార్థం కోట ఊళ్లో వేసిన పార్కును మర్నాడు తెరవాలి. పటాలం పంపిన జాబితా చూసి రంగనాయకులు రాతి మీద పేర్లు చెక్కుతున్నాడు.

"జాబితాలో వంటమనిషి అనుండాదన్నా. అందరికీ చెక్కి నీకొక్కడికి మానితే ఎట్ట?"

"బర్మాలో ఫిరంగి పేల్చినానని ఇరవయ్యేళ్లుగా మా మగ్దలీనమ్మకి చెప్తా ఉండా. రేపు అందరికన్నా ముందు చదివేది ఆమే."

"రేపటిదాకా ఎందుకు?"

అన్నం క్యారియరుతో భార్య మగ్దలీనమ్మ వెనకే నిలబడి ఉంది. జాబితా తీసుకుని చదివింది. హెబ్రోను తల వంచుకున్నాడు.

"పెళ్లయిన నెలకే తెలిసిందయ్యా నాకు," అంది. "జొరమొచ్చి పడుకుంటే పులుసు పెట్టినావు. మనిద్దరికని పెడితే వీధంతా తినింది. ఫిరంగులు పేల్చినోడు అట్ట వండుతాడా?"

"మరి ఇన్నాళ్లూ అడగలేదే?"

"నువ్వు చెప్తా ఉంటే వినేదానికి బాగుండేది."

ఆమె రంగనాయకులు వైపు తిరిగింది. "లోతుగా చెక్కు నాయనా. రేపు రెండొందల మందికి పులిహోర ఎవురు చేస్తారా అని పంచాయతీ ప్రెసిడెంటు గారు వెతకతా ఉండారు."

"రెండొందలా?" హెబ్రోను లేచాడు. "అయితే చింతపండు ఇప్పుడే నానెయ్యాల."