కాశీలో వదిలిన వంకాయ

“వంకాయ రసం నోట్లె పోసినవనుకో, మిషన్ల నుంచి లేసి పోత. ముందే చెప్తున్న,” అన్నాడు పాండురంగం, స్కానింగ్ బల్ల మీద కూర్చుని.

“నోట్లో పోయను పెద్దనాన్నా. వంకాయ ఫొటో మాత్రమే చూపిస్తా,” అంది నవనీత.

నవనీత అతని మరదలి కూతురు, కోదాడ పిల్ల. రుచిని మెదడు ఎలా పసిగడుతుందో పరిశోధన చేస్తోంది. అసలు పని మొదలుపెట్టే ముందు ఒకసారి సరిచూసుకుందామని, సూర్యాపేటలో ఒక స్కానింగ్ సెంటర్‌ని ఆదివారం పూటకు మాట్లాడుకుని, మిర్యాలగూడ నుంచి పెద్దమ్మనీ పెద్దనాన్ననీ పిలిపించింది. తిండి గురించి అనేసరికి పాండురంగం రైస్ మిల్లు పని కూడా పక్కన పెట్టి వచ్చాడు.

“ఫొటో చూస్తే మొక్కు చెడదు కద? ఇష్టమైన కాయ ఒదలమంటే, కాశీల నా ప్రాణం ఒదిలొచ్చిన బిడ్డా.”

ఆ సంగతి తెలియని వాళ్లు మిర్యాలగూడలో లేరు. పెళ్లి విందుల్లో గుత్తివంకాయ తన విస్తరి దాకా వస్తే చాలు, చెయ్యి అడ్డం పెట్టి, నాలుగు వరసలకు వినబడేలా “కాశీల ఒదిలిన!” అంటాడు. వడ్డించేవాడు దండం పెట్టి మరీ ముందుకు పోతాడు.

“మరి నువ్వేం వదిలావ్ పెద్దమ్మా?”

“అది చెప్పుకునేది కాదు లేవే,” అంది శ్యామల.

“మీ పెద్దమ్మ అన్నీ తింటది. ఏం ఒదిలిందో ఆ విశ్వనాథునికే ఎరుక,” అన్నాడు పాండురంగం.

ఉంగరాలు, గొలుసు, మొలతాడు అన్నీ తీసేయాలంది నవనీత. అతను విసుక్కుంటూ తీసి భార్య చేతిలో పోశాడు. “కొంగుకు కట్టుకో. జర పైలం. నీకు ప్రతిదీ చెప్తనే ఉండాలె!” శ్యామల మాట్లాడకుండా కొంగున ముడేసుకుంది. అతను నవనీత వైపు తిరిగి గొప్పగా అన్నాడు: “సూసినవా? కాశీకి పోయొచ్చినకాడి నుంచి మా ఇంట్ల ఒక్క లొల్లి లేదు. ఇదంత వంకాయ ఒదిలిన పుణ్యం.”

నోట్లో సన్నని గొట్టం పెట్టి అతన్ని మిషన్‌లోకి పంపారు. అద్దానికి ఇవతల, కంప్యూటర్ ముందు ఆడవాళ్లిద్దరూ కూర్చున్నారు. గొట్టంలోంచి చక్కెర నీళ్లు వెళ్లాయి. తెర మీద మెదడు బొమ్మలో, కణతకి లోపలగా ఒకచోట ఎర్రబడింది.

“రుచి తెలిసేది అక్కడే పెద్దమ్మా. ఇప్పుడు ఉత్త ఫొటో పెడతా చూడు.”

లడ్డు ఫొటో పెట్టింది. అక్కడే మళ్లీ ఎర్రబడింది.

“నోట్లె ఏం లేదు కదనే?”

“ఏమీ లేదు. ఇష్టమైంది కంటబడితే చాలు, మెదడు ముందే రుచి చూసేస్తుంది.”

మామిడికాయ తొక్కుకీ ఎర్రబడింది. బెండకాయ వేపుడుకైతే ఇంకా ఎర్రగా మెరిసింది.

శ్యామల కుర్చీ ముందుకు జరుపుకుంది. “ఇగ వంకాయది పెట్టవే.”

ఆమెకి గుత్తివంకాయ అంటే పిచ్చి. కానీ భర్త కళ్ల ముందు తింటే ఆయన మనసు లాగుతుందని, కాశీ నుంచి వచ్చాక ఒక్క వంకాయని కూడా గుమ్మం లోపలికి రానివ్వలేదు. ఆ మనిషి ఎంత వదులుకున్నాడో ఒక్కసారి కళ్లారా చూడాలనుకుంది. అనుకుంటుంటేనే పాపం కళ్లు చెమర్చాయి.

నవనీత వంకాయ ఫొటో పెట్టింది. తెర మీద ఏమీ ఎర్రబడలేదు.

“నిద్రపోయిన్రేమో?”

“లేదు, మేలుకునే ఉన్నారు.” మళ్లీ పెట్టింది. ఏమీ లేదు. లడ్డు పెట్టింది. ఎర్రబడింది. వంకాయ పెట్టింది. ఊహూ.

నవనీత గబగబా తెర ఆపేసింది. “ఒక్క మనిషిని ఒక్కసారి చూసి ఏమీ చెప్పలేం పెద్దమ్మా. దీన్ని నమ్మకు.”

“మిషన్ని నమ్ముడెందుకే? మనిషినే అడుగుత.”

పాండురంగం బయటికొస్తూనే అడిగాడు. “ఏం బిడ్డా, వంకాయ కాడ నీ మిషన్ కాలిపోయిందా?”

“ఏమండీ,” అంది శ్యామల, “మీకసలు వంకాయ ఇష్టమేనా?”

అతను నవనీతని చూశాడు, ఆరిపోయిన తెరని చూశాడు. ముఖం పాలిపోయింది.

“మిషన్ చెప్పేసిందా?”

నవనీత వంగి గొట్టం చుట్టసాగింది.

“చిన్నప్పటి సంది అది తింటే నాకు నోరంత దురద,” అన్నాడు మెల్లగా.

“మరి మా అమ్మ వండితే మారు అడిగి ఎందుకు ఏయించుకున్నరు?”

“కొత్త అల్లుడు ఒద్దంటడా? నిజానికి బెండకాయ ఒదులుదమనే పోయిన శ్యామలా. తీరా గంగల దిగినంక మనసు రాలె.”

“మీ కోసమని నేను గూడ ఒక్క ముక్క ముట్టలే,” అంది శ్యామల.

గొంతు ఎప్పటిలాగే నెమ్మదిగా ఉండేసరికి పాండురంగానికి ధైర్యం వచ్చింది. “అయిందేదో అయింది. రేపటి నుంచి ఇంట్ల వంకాయ వండు. నేను గూడ తింట. ఒదిలింది మళ్ల పట్టుకుంటే గంగమ్మేం అనుకోదు.”

శ్యామల కొంగు ముడి విప్పి, ఉంగరాలూ గొలుసూ ఒక్కొక్కటే తీసి అతని చేతిలో పెట్టింది.

“అయితే నేనొదిలింది గూడ మళ్ల పట్టుకోవచ్చునా?”

“పట్టుకో, పట్టుకో! ఇన్ని దినాలు నోరు కట్టుకున్నది సాలు. ఇంతకీ ఏం ఒదిలినవ్?”

“కోపం,” అంది శ్యామల.