సర్వరయ్య

ఎంటర్ కొట్టాక గానీ సర్వరయ్యకి ఆ ఖాళీ కనిపించలేదు. పాత ఫైళ్ళు తుడిచేద్దామని టైపు చేసిన కమాండ్‌లో, ఉండకూడని చోట చిన్న ఖాళీ పడింది. సర్వర్‌ని నడిపే లినక్స్ 'నిజంగానే తీసెయ్యమంటావా' అని అడిగే రకం కాదు. చెప్పింది చెప్పినట్టు చేసుకుపోతుంది. కంగారుగా ఆపేసరికే సర్వర్‌కి ప్రాణమైన ప్రోగ్రాముల ఫోల్డర్ ఊడ్చిపెట్టుకుపోయింది.

ఏం మిగిలిందో చూద్దామని ఒక కమాండ్ ఇచ్చాడు. అలాంటిదేదీ లేదంది తెర. ఇంకొకటి ఇచ్చాడు. అదీ లేదంది.

పైన నాలుగంతస్తుల ఆఫీసు. ఆస్పత్రులు అడిగే మందుల ఆర్డర్లన్నీ ఈ సర్వర్ మీదుగానే గోడౌనుకి వెళ్ళాలి. ఇది ఆగితే ఎక్కడో ఒక రోగికి వేళకి మందు అందదు. ఒకప్పుడు ఇదే గదిలో పక్క కుర్చీలో కూర్చుని, తర్వాత వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయిన స్నేహితుడికి ఫోన్ కలిపాడు. చుట్టరికం లేకపోయినా బావా బావా అనుకునే చనువు ఇద్దరిదీ.

"బావా, కొంప మునిగింది. ప్రోగ్రాములన్నీ లేపేశాను."

"అన్నీనా?"

"అన్నీ. కాపీ చేసేది లేదు, ఫైళ్ళు చూపించేది లేదు."

"కమాండ్లు కొట్టే ఆ నల్ల విండో తెరిచే ఉందా?"

"ఉంది."

"చచ్చినా మూయకు. మిషన్ ఆపకు. ఆపావంటే మళ్ళీ లేవదు. పైవాళ్ళెవరన్నా ఫోన్ చేశారా?"

"ఇంకా లేదు."

"చేసేలోపే కానిద్దాం."

సర్వరయ్య అన్నది పైవాళ్ళు సరదాగా పెట్టిన పేరే. బయట ఎండ మండిపోతున్నా ఈ భూగర్భపు గదిలో మిషన్ల కోసం పెట్టిన ఏసీ చలికి స్వెట్టర్ తీయడానికి ఉండదు. బావ వెళ్ళాక ఆ కుర్చీలోకి ఎవరూ రాలేదు. అతని పనీ చిత్రమైందే. సర్వర్ నడుస్తున్నంతసేపూ అతనెవరికీ గుర్తు రాడు. ఫోన్ మోగలేదంటే పని బాగా చేస్తున్నట్టు లెక్క. చాలాకాలంగా బాగానే చేస్తున్నాడు.

పక్కనే ఇలాంటి మిషనే ఇంకొకటి ఉంది. దాన్లోంచి, నాలుగైదు పనులు ఒక్కటే చేసుకొచ్చే బుల్లి ప్రోగ్రాం ఒకటి ఇటు లాక్కురమ్మన్నాడు బావ. ఆ నల్ల విండోకి సొంతంగా ఉన్న కాస్త ఓపికతోనే, ముక్క తర్వాత ముక్క లాగాడు సర్వరయ్య.

"వచ్చింది బావా. కానీ నడవనంటోంది. అనుమతి లేదట. అనుమతి ఇచ్చే ప్రోగ్రామే పోయిందాయె."

"అనుమతి ఉన్న ప్రోగ్రాం ఒక్కటైనా ఏ మూలో మిగిలే ఉంటుంది. వెతుకు. దాని కడుపు ఖాళీ చేసి, దీన్ని అందులో పొయ్యి."

"పరకాయ ప్రవేశం చేయించమంటావు."

"ఆ, అంతే."

వెతికాడు. దొరికింది. పోశాడు. ఈసారి తెర కసరలేదు. ఫైళ్ళ పేర్లు వరసగా దిగాయి.

"బతికింది బావా."

"హమ్మయ్య. ఇక మిగతావన్నీ పక్క మిషన్లోంచి తెచ్చేసుకో. నాకు మీటింగ్ ఉంది, ఉంటా మరి."

"కాసేపు లైన్లో ఉండరాదూ. మాట్లాడక్కర్లేదు, ఊరికే ఉండు."

"సాయంత్రం చేస్తాలే."

మిగతాదంతా ఒక్కడే చేశాడు. తెచ్చినవి తెచ్చినట్టు సరిచూసుకుంటూ, మధ్యమధ్యలో బల్ల మీద ఫోన్ వైపు భయంగా చూస్తూ, భోజనం సంగతే మర్చిపోయాడు. ఫోన్ మోగలేదు. అదృష్టం బాగుందనుకున్నాడు. చివరికి గుండె చిక్కబట్టుకుని సర్వర్‌ని ఆపి, మళ్ళీ లేపాడు. ఫ్యాన్లు బుస్సుమన్నాయి. దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. తెర నిక్షేపంగా అతని పేరూ పాస్‌వర్డూ అడిగింది. భుజం తట్టేవాళ్ళు లేక, తనే మిషన్‌ని ఒకసారి తట్టాడు.

గుట్టుచప్పుడు కాకుండా కూర్చుంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఇంత జరిగాక ఎవరితోనైనా చెప్పాలనిపించింది. తిడితే తిట్టనీ, అనుకుని స్వెట్టర్ విప్పేసి పైకి వెళ్ళాడు.

ఆర్డర్ల విభాగంలో అందరూ కొత్త మొహాలే. మేనేజరమ్మ తలెత్తింది.

"ఏసీ రిపేరుకా? రేపొస్తామన్నారే."

"కాదండీ. నేను కింద సర్వర్ చూసుకుంటానండీ. పొద్దున నా చేత్తోనే తప్పు జరిగింది. ఇందాకటి దాకా సర్వర్ పడిపోయి ఉంది, ఇప్పుడే లేపాను. ఆర్డర్లేమన్నా ఆగి ఉంటే ఆ మాట నేనే పడతాను."

ఆవిడ తన తెర వైపు చూసింది. వరస మీద వరస ఆర్డర్లు కదిలిపోతున్నాయి.

"పొద్దుట్నుంచి ఒక్కటీ ఆగలేదండీ."

"ఆగలేదా? ఎలాగండీ?"

ఆవిడ అతన్ని కిందినుంచి పైదాకా ఒకసారి చూసి, కుర్చీ చూపించి, నెమ్మదిగా అంది.

"ఆ పనంతా బయటి కంపెనీకి అప్పజెప్పి రెండేళ్ళు దాటింది కదండీ. కింద ఇంకా మనిషున్నారా?"