పైడిరాజుకి సెలవు

ఆదివారం ఉదయం మునిసిపాలిటీ మరమనిషి గుమ్మం దగ్గర చక్రాలు తుడుచుకుని లోపలికొచ్చింది.

"ఇంట్లోవాళ్లకి జీతం లేకుండా సేవ చేసేవాళ్లకి వారానికో పూట సెలవండీ. ఈ పూట నేను చూసుకుంటాను. అడిగిన ఇంటికే వస్తాను."

పైడిరాజుకి ఒళ్లు మండింది. కాళ్లు పడిపోయిన భార్య సంతోషికి నాలుగేళ్లుగా వంటతో సహా అన్నీ తనే చేస్తున్నాడు.

"నానడగనేదు. నాను లేకపోతే మా ఆవిడ గంట కూడా ఉండలేదు."

"ఉంటాన్లెండి. పోయి వాలీబాల్ ఆడుకోండి," అని మంచం మీద నుంచే తరిమింది సంతోషి.

సాయంత్రం మోకాళ్ల నిండా మట్టితో, అరిచి అరిచి బొంగురుపోయిన గొంతుతో, నవ్వుకుంటూ తిరిగొచ్చాడు. వీధి మలుపులోనే ఎండుచేపల పులుసు వాసన గుప్పుమంది. ఇంట్లో సంతోషి ముక్కు ఎర్రబడింది, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, కంచం మాత్రం ఖాళీ. మరమనిషి గరిటె పట్టుకుని నిలబడింది.

"ఏటే, ఇంత కారం తిన్నావా!"

"నాలుగేళ్లు మీ చప్పిడి ఉప్మా తిన్నాను. నాకు మాత్రం సెలవక్కర్లేదేటి? మునిసిపాలిటీని అడిగింది నానే."

పైడిరాజు కంచం తెచ్చుకుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"నాకూ వడ్డించు," అన్నాడు మరమనిషితో.