బొమ్మల గంట

"ఈ కుర్చీ ఖాళీయేనా, అమ్మాయ్?"

నఫూలా తలెత్తి చూసింది. నెరిసిన గడ్డం, మోచేతుల దగ్గర వెలిసిపోయిన కోటు. ఎన్నడూ చూడని మనిషి.

ఖాళీయేనంది. మరో ఆరు కుర్చీలు కూడా ఖాళీగానే ఉన్నాయని మాత్రం అనలేదు.

ఆయన తనకు తెలిసిన పెద్దాయననీ, ఇవాళ అందరితోపాటు బొమ్మలు వేస్తారనీ డ్రాయింగ్ టీచర్ వంగూయి చెప్పింది. మేనేజరు ఎప్పట్లాగే తలుపు దగ్గర కాపలా ఉన్నాడు.

నైరోబీలోని ఆ నాలుగో అంతస్తులో గురువారం మధ్యాహ్నం బొమ్మల గంట. మిగతా గంటలన్నీ తెర ముందే.

లోకంలో జనం ఫోన్లలోకి ఎక్కించే కొట్లాటలు, చావులు, నోటితో చెప్పరాని పాపాలు ఉన్న వీడియోలను ఒక్కొక్కటే చూసి తీసేయడం వాళ్ల ఉద్యోగం. ఒక్కోదానికి ముప్పై సెకన్లు. చూసింది ఇంట్లో వాళ్లతో కూడా చెప్పకూడదని సంతకాలు చేయించుకున్నారు.

నఫూలా మాంసం కోయడం మానేసి ఏడాదయింది. నిద్రలో చిన్నకూతురి చెయ్యి మీద పడినా ఉలిక్కిపడి లేస్తోంది. ఉద్యోగం మానేద్దామంటే ఇంట్లో జీతం తెచ్చేది తనొక్కతే. ఉందామంటే మనసు ఒప్పదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

బొమ్మల గంటే ఆమెకు ఊపిరి. ఆ వారం చూసినవన్నీ ముందు ఒక కాగితం మీద నల్లగా కక్కేసేది. గంట కాగానే దాన్ని చింపి, మరుగుదొడ్డిలో వేసి నీళ్లు వదిలేది. ఆ ఒక్క పూట ఉగాలి, ఆ మొక్కజొన్న పిండి ముద్ద, గొంతు దిగేది.

గోడకు తగిలించడానికి మాత్రం వేరే బొమ్మ. పుట్టిన ఊళ్లోని సరస్సు, పడవలు, చేపలు. మేనేజరుకు అవే ఇష్టం.

నిజం చెబితే ఏమవుతుందో ఆమె కళ్లారా చూసింది. రెండు నెలల కిందట ఎర్ర తలగుడ్డ కట్టుకున్న ఒకామె ఇలాగే వచ్చి కూర్చుంది. తియ్యగా మాట్లాడింది. పక్కనే పనిచేసే బరాసా, పాపం, కడుపులో ఉన్నదంతా చెప్పేశాడు. మర్నాటికి అతని ఉద్యోగం లేదు. ఆమె కంపెనీ పంపిన మనిషని అప్పుడు తెలిసింది.

అతనూ, అలాగే పోయిన మరో ఐదుగురూ కోర్టుకెక్కారు. గెలిస్తే లోపలున్న అందరికీ రోజుకు నాలుగు గంటలే తెర, చూపించుకోవడానికి ఒక మంచి డాక్టరు, సెలవులు. ఆ ఆరుగురితో మాట్లాడితే ఊరుకునేది లేదని కంపెనీ కాగితం పంచింది. నఫూలా బరాసా ఫోను ఎత్తడం మానేసింది. కానీ ఆ తీర్పు కోసం అందరికంటే ఎక్కువగా కళ్లల్లో ఒత్తులు వేసుకుని చూస్తున్నది ఆమే.

పెద్దాయన దీక్షగా ఏదో గీస్తున్నాడు. ఉండబట్టలేక, పెద్దవాళ్లను మర్యాదగా పిలిచే 'మ్జే' అన్న పిలుపుతో అడిగింది.

"మ్జే, అది మేకా, బల్లా?"

"మేకే అనుకుని మొదలుపెట్టానమ్మా. బల్లయి కూర్చుంది."

నఫూలాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వి ఎన్నాళ్లయిందో. ఆ నవ్వు చూసి ఆయన గొంతు తగ్గించాడు.

"రాత్రిళ్లు నిద్ర పడుతోందా?"

నవ్వు ఆగిపోయింది. ఎర్ర తలగుడ్డామె మొదట అడిగిందీ అదే.

"పడుకుంటే తెల్లారడమే, మ్జే."

"నీ ఒళ్లో ఉన్న ఆ నల్లబొమ్మ కాగితం ఒకసారి చూడొచ్చా?"

చూపించాలని ఎంతగా ఉందో ఆ దేవుడికే తెలుసు. కానీ కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది.

"అది పాడైపోయింది, మ్జే. పారేసేదే."

"నేను మళ్లీ రానమ్మాయ్. రావడం ఈ ఒక్కసారికే."

ఇంత వయసొచ్చి కంపెనీకి కూపీలు లాగే ఇదేం బతుకు అనుకుంది నఫూలా. మేనేజరుకు కూడా వినపడేలా, ఇలాంటి ఉద్యోగం దొరకడం తమ అదృష్టమనీ, ఇక్కడ తమకే లోటూ లేదనీ చెప్పింది. సరస్సు బొమ్మ తీసి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత మిగతా వాళ్ల దగ్గరికీ వెళ్లాడు. నఫూలా కళ్లతోనే సైగ చేసింది. అందరూ అదే పాట పాడారు.

ఆయన వెళ్లిపోయాక, గూఢచారిని భలే పసిగట్టావని తోటివాళ్లు ఆమెను మెచ్చుకున్నారు. నఫూలా కూడా మురిసిపోయింది.

నాలుగు వారాలకు కోర్టు కేసు కొట్టేసింది. ఆ మర్నాటి నుంచే తెర ముందు ఇంకో గంట పెరిగింది. బొమ్మల గంట ఎత్తేశారు.

ఆ ఆదివారం గికోంబా సంతలో బరాసా కనిపించాడు. పాత బూట్లు అమ్ముకుంటున్నాడు. చిక్కి సగమయ్యాడు.

ఎలా ఓడిపోయారని అడిగింది. మానేసిన వాళ్లు కోపంతో ఏదైనా చెబుతారని కంపెనీ వకీలు వాదించాడట. లోపల పనిచేస్తున్న వాళ్లలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, మనసు బాగోలేదన్నట్టు చూపించమన్నాడట జడ్జి.

నఫూలా బూట్ల కుప్ప మీదుగా ముందుకు వంగింది.

"మమ్మల్ని ఎవరడిగారు, బరాసా? అడిగితే చెప్పమా?"

బరాసా చేతిలో బూటు కింద పెట్టి ఆమె ముఖంలోకి చూశాడు.

"అదేమిటి నఫూలా? కంపెనీకి తెలియకుండా టీచర్ని బతిమాలి, సాక్ష్యం కోసం మా డాక్టర్ని బొమ్మల గంటకి పంపించాం కదా. ఎవరు నిజం చెప్పకపోయినా నువ్వు చెబుతావని, నీ పక్కనే కూర్చోమన్నది నేనే."