ఎవరి పొగ

నర్సయ్య పొలం గట్టు మీద ఎవరో కొత్త మనిషి కర్ర పాతుతున్నాడు.

కర్ర కొసన తెల్ల డబ్బా. దానికో ఎర్ర లైటు.

"ఎవరు సారూ మీరు? గీడ ఏం పని?" నర్సయ్య కేకేశాడు.

"గాలి చూస్తున్నానండీ. కార్బన్ మోనాక్సైడ్ అని, రంగూ వాసనా లేని విషం. అది ఎటు నుంచి వస్తోందో ఈ మిషన్ చెబుతుంది."

నర్సయ్య ముఖం మాడిపోయింది.

ఆ పేరు అతను మరిచిపోలేడు. మొన్న యాసంగి కోతలప్పుడు కోడలు మానస, పొలం పక్కనే ఉన్న రైసుమిల్లుకు కూలికెళ్ళి, బస్తాల మీద కూలబడి మళ్ళీ లేవలేదు. మిర్యాలగూడ డాక్టరు ఆ విషమే అన్నాడు.

"మా బాయిలర్‌ది కాదు. మామ గడ్డి కాల్చిండు, ఆ పొగే కోడలిని మింగింది" అన్నాడు మిల్లు యజమాని.

ఊరు నమ్మింది.

కొడుకు నాగేష్ సూర్యాపేట వెళ్ళిపోయాడు. మళ్ళీ ఇంటి గడప తొక్కలేదు.

"ఎవరు పంపిండ్రు నిన్ను?" నర్సయ్య గద్దించాడు.

కొత్త మనిషి చుట్టూ మూగిన రైతులను చూశాడు. వాళ్ళలో సగం మంది ఇళ్ళకు మిల్లు కూలే ఆధారం.

"తర్వాత చెబుతాను పెద్దాయనా. ఈ ఒక్క పొద్దు ఎవరూ నిప్పు పెట్టకండి. అంతే చాలు."

"సూసినవా నర్సన్నా? గడ్డి కాలిస్తే కేసులు రాసెటోడే!" పక్క పొలం దామోదర్ గొణిగాడు. "సాగర్ నీళ్ళు కాల్వకెక్కుతున్నయ్. ఈయన కోసం గడ్డి కాల్చక నాట్లు ఆపుకుంటమా?"

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది.

ఆఫీసరు జాడ తెలిస్తే ఎవరి గట్టు మీద వాళ్ళు నిలబడతారు. ఈల వినగానే అందరూ ఒక్కసారే గడ్డికి నిప్పంటిస్తారు. ఎవరు ముందంటే ఎవరూ కాదు. కేసు ఎవరి మీదా నిలవదు.

"రోడ్డెక్కు సారూ, ప్యాంటు అంటుకుంటది!" ఎవరో నవ్వారు.

అతను రోడ్డెక్కాడు.

ఈల వేసింది నర్సయ్యే.

కోత మిషన్ వదిలిన ఎండుగడ్డి భగ్గుమంది.

"నా డబ్బా! పొద్దుటి నుంచి ఊరంతా తిరిగి పట్టిన గాలి లెక్కంతా అందులోనే ఉంది!" కొత్త మనిషి వెనక్కి పరుగెత్తాడు.

"అరె, పోతే పోనీ! రా సారూ!"

గాలి మళ్ళింది. నాలుగు వైపులా పొగ కమ్ముకుంది.

పొగ పలచబడ్డాక కనిపించాడు. గట్టు మీద, డబ్బాను పొట్ట కింద దాచుకుని, బోర్లా.

ఒంటి మీద ఒక్క కాలిన మచ్చ లేదు. ఊపిరీ లేదు.

అతని జేబులో ఫోను మోగింది. నర్సయ్య తీసి చెవికి ఆనించుకున్నాడు.

"కృపాకర్ సారూ, మా నాయినను కలిసిండ్రా?"

నాగేష్ గొంతు.



"మిల్లోళ్ళ చెవిన పడ్తదని నా పేరు చెప్పొద్దన్న. నాయినకు ఒక్కనికి చెప్పుండ్రి, గడ్డి కాల్చకుండ ఆపుతడు. గడ్డి పొగ లేకుంటెనే మిల్లు విషం తేలుతది. ఆయన మీద నింద పోతేనే నేను ఇంటికొస్త సారూ... వింటున్నరా?"

నర్సయ్య పొగ ఎవరినీ చంపలేదని రుజువు చేయడానికి వచ్చిన మనిషి, ఆ పొగలోనే, అతని కాళ్ళ దగ్గర చల్లబడుతున్నాడు.